నెట్ లైఫ్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్: హెల్పర్ టి సెల్స్ పట్టిక పక్కన పెట్టాకే నాకు ఇమ్యునాలజీ వచ్చింది

నెట్ పరీక్ష రిజల్ట్ వచ్చింది ఫ్రెండ్స్, జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, వచ్చింది! ఇంట్లో స్వీట్లు పంచడం అయిపోయింది, ఇక మన వాళ్ళకోసం రాద్దామని కూర్చున్నాను. ఏ బుక్స్ చదివావు, రోజుకి ఎన్ని గంటలు, కోచింగ్ తీసుకున్నావా అని చాలామంది అడుగుతున్నారు. అవి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను. నన్ను గట్టెక్కించింది యూనిట్ 4, అందులోనూ ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం), అందులోనూ సీడీ4 హెల్పర్ టి సెల్స్, అంటే మిగతా రోగనిరోధక కణాల్ని పనిలో పెట్టే తెల్ల రక్తకణాలు.

ప్యాటర్న్ మీకు తెలిసిందే. పార్ట్ సీలో 75 ప్రశ్నలు ఇస్తారు, 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు పెడితే ఒక మార్కు పోతుంది. హెల్పర్ టి సెల్స్ అనగానే మనందరి నోట్సులోనూ ఒకటే పట్టిక ఉంటుంది: ఏ సైటోకైన్ (కణాలు ఒకదానికొకటి పంపే సంకేత ప్రోటీన్, ఐఎల్ అని ఉన్నవన్నీ అవే) వచ్చి, కణం లోపల ఏ స్టాట్ ప్రోటీన్ లేచి, ఏ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జీన్లని ఆన్ చేసే ప్రోటీన్) కూర్చుంటే ఏ రకం హెల్పర్ సెల్ అవుతుందని. ఐఎల్-12, స్టాట్4, టీ-బెట్ అయితే టీహెచ్1. ఐఎల్-4, స్టాట్6, గాటా3 అయితే టీహెచ్2. పార్ట్ బీకి అది సరిపోతుంది. పార్ట్ సీలో మాత్రం ఒక జీన్ నాకౌట్ చేసి (అంటే తీసేసి), ఒక యాంటీబాడీ కలిపి, ఇప్పుడు ఏ సైటోకైన్ పెరుగుతుంది అని అడుగుతారు. అక్కడ పట్టిక ఎంత కంఠతా వచ్చినా లాభం లేదు.

నాకు దారి దొరికింది మా ఊళ్ళో. మా అమ్మ ఆశా కార్యకర్త. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు కుష్ఠు సర్వే నడుస్తోంది, తనతో పాటు పీహెచ్‌సీకి వెళ్ళాను. అక్కడ ఒకాయన్ని కళ్ళు మూసుకోమని, పెన్ను మొనతో మచ్చ మీద తాకి, ఎక్కడ తాకిందో వేలితో చూపించమన్నారు. పాలిపోయిన మచ్చ, దాని మీద స్పర్శ లేదు. తర్వాత ఒళ్ళంతా చూసి మచ్చలు లెక్కపెట్టారు. ఐదు వరకు ఉంటే ఆరు నెలల మందు, ఐదు దాటితే ఏడాది అని అమ్మ చెప్పింది. ఎందుకు అని అడిగితే, "కొందరికి రెండు మచ్చల దగ్గరే ఆగిపోతుందిరా, కొందరికి ఒళ్ళంతా పాకుతుంది, పురుగు మాత్రం ఒకటే" అంది.

ఆ రాత్రి పుస్తకం తీశాను. కుష్ఠు బ్యాక్టీరియా మైకోబాక్టీరియం లెప్రే మాక్రోఫేజ్ (సూక్ష్మజీవుల్ని మింగే కణం) లోపల బతుకుతుంది. టీహెచ్1 వైపు స్పందన బలంగా ఉంటే ఐఎఫ్ఎన్-గామా అనే సైటోకైన్ మాక్రోఫేజ్‌ని యాక్టివేట్ చేస్తుంది, గ్రాన్యులోమా (రోగనిరోధక కణాల చిన్న గడ్డ) కడుతుంది, బ్యాక్టీరియా చాలా తక్కువగా ఉంటుంది. ఇది ట్యూబర్క్యులాయిడ్ రకం. ఇందులోనూ నరాలు దెబ్బతింటాయి, అది మర్చిపోవద్దు. ఐఎల్-4, ఐఎల్-10 వైపు మొగ్గితే యాంటీబాడీలు బోలెడు తయారవుతాయి, కానీ కణం లోపల దాక్కున్న బ్యాక్టీరియాని అవి అందుకోలేవు, మాక్రోఫేజ్‌ల నిండా అదే ఉంటుంది. ఇది లెప్రోమేటస్ రకం. ఈ రెంటి మధ్య బార్డర్‌లైన్ రకాలు ఉన్నాయి, 1966లో రిడ్లీ, జాప్లింగ్ పెట్టిన వర్గీకరణ అదే.

అప్పటి నుంచి హెల్పర్ సెల్స్‌లో ప్రతి సబ్‌సెట్‌నీ (ఉపరకాన్నీ) ఒకే వరసలో ప్రశ్నించుకుంటూ చదివాను. శత్రువు ఎవరు, ఎక్కడున్నాడు, డెండ్రిటిక్ సెల్ (శత్రువు జాడని టి సెల్‌కి చూపించే కణం) ఏం విడుదల చేసింది, ఏ స్టాట్ లేచింది, ఏ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ కూర్చుంది, చివరికి ఎవరిని పనిలో పెట్టింది, పక్కవాళ్ళలో ఎవరిని అణిచింది. ఆఖరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. టీ-బెట్ వస్తే ఐఎల్-12 రిసెప్టర్ బీటా2 చెయిన్ పెరిగి టీహెచ్1 దారి ఇంకా గట్టిపడుతుంది, గాటా3 అణిగిపోతుంది. పేగులో నులిపురుగులుంటే ఐఎల్-4 యాంటీబాడీలు చేసే బీ సెల్‌ని ఐజీఈ రకం యాంటీబాడీ వైపు తిప్పుతుంది, ఐఎల్-5 ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని పెంచుతుంది, ఐఎల్-13 జిగురు పెంచుతుంది. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్‌కి ఐఎల్-2 తోడైతే, స్టాట్5, ఫాక్స్‌పీ3, అంటే ట్రెగ్, స్పందనని అదుపులో పెట్టే రకం. అదే టీజీఎఫ్-బీటాకి ఐఎల్-6 కలిస్తే స్టాట్3, ఆర్‌ఓఆర్ గామా టీ, అంటే టీహెచ్17, క్యాండిడా అనే ఫంగస్‌ని, స్టాఫ్ బ్యాక్టీరియాని ఎదుర్కొనే రకం. స్టాట్3 జీన్‌లో లోపం ఉన్న జాబ్ సిండ్రోమ్ వాళ్ళకి క్యాండిడా, స్టాఫ్ ఇన్ఫెక్షన్లు ఎందుకు వదలవో ఇక బట్టీ పట్టక్కర్లేదు. బీ సెల్స్‌కి సాయపడే టీఎఫ్‌హెచ్ రకానికి బీసీఎల్6, ఐఎల్-21, సీఎక్స్‌సీఆర్5 గుర్తుంటే చాలు.

ప్రయోగాలు చదవండి, ఇది మాత్రం చేతులు జోడించి చెప్తున్నా. 1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ ఎలుక టి సెల్ క్లోన్లని అవి విడుదల చేసే సైటోకైన్లను బట్టే టీహెచ్1, టీహెచ్2 అని రెండుగా విడదీశారు. చాలా ఏళ్ళపాటు ఆ రెండిటితోనే అన్నీ వివరించారు. ఈఏఈ, అంటే ఎలుకల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి జబ్బు, టీహెచ్1 వల్లే అనుకున్నారు, ఎందుకంటే ఐఎల్-12లో ఉండే పీ40 అనే ప్రోటీన్ ముక్కని తీసేస్తే జబ్బు రాలేదు. కానీ పీ35 తీసేస్తే జబ్బు వచ్చింది! పీ40 ఐఎల్-12లోనూ ఉంది, ఐఎల్-23లోనూ ఉంది. పీ35 ఐఎల్-12ది మాత్రమే, పీ19 ఐఎల్-23ది మాత్రమే. 2003లో పీ19 నాకౌట్ చేస్తే ఎలుకలు తప్పించుకున్నాయి, అసలు దోషి ఐఎల్-23 అని తేలింది, అక్కడి నుంచి టీహెచ్17 కథ మొదలైంది. ఈ ఒక్క కథ వంటబడితే నాకౌట్ ప్రశ్న ఏది ఇచ్చినా భయం ఉండదు. ఫ్లో సైటోమెట్రీ (కణాలకి రంగు పట్టించి లేజర్‌తో ఒక్కొక్కటీ చూసే పద్ధతి) కూడా ఇలాగే చదవండి. పీఎంఏ, అయనోమైసిన్ అనే రసాయనాలతో సెల్స్‌ని లేపి బ్రెఫెల్డిన్ అనే ఇంకోటి ఎందుకు వేస్తారు? గాల్జీ (కణం ప్రోటీన్లని బయటికి పంపే భాగం) దారి మూసేస్తే సైటోకైన్ బయటికి పోకుండా లోపలే ఉంటుంది, అప్పుడే రంగు పడుతుంది. ట్రెగ్స్‌ని కూడా వదలొద్దు, 2025 మెడిసిన్ నోబెల్ సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకి ఇచ్చింది దీనికే.

మిగతాది త్వరగా చెప్తాను. కోచింగ్ కొన్నాళ్ళు వెళ్ళాను, టెస్ట్ సిరీస్ వరకు ఉపయోగం. పార్ట్ ఏ (జనరల్ ఆప్టిట్యూడ్) రోజూ చేశాను. ఎకాలజీ, ఎవల్యూషన్ మార్కుల కోసం చదివాను, ప్లాంట్ ఫిజియాలజీ చాలావరకు వదిలేశాను, పేపర్‌లో ఛాయిస్ ఉన్నప్పుడు వదలడం తప్పు కాదు. ఫోన్‌లో గ్రూపులన్నీ తీసేశాను. పెళ్ళిళ్ళకి రాలేదని, మనుషుల్ని మర్చిపోయిందని చుట్టాలు అమ్మ దగ్గర అన్నారు. నాకు బాధేసింది, అయినా వెళ్ళలేదు, ఇప్పటికీ అది సరైన పనే అంటాను. ఎందుకంటే తెలుగు మీడియంలో డిగ్రీ చేసి ఒక్కో పేరా మూడుసార్లు చదవాల్సిన వాళ్ళకి టైమే ఆస్తి. ఏడింటికి కూర్చుంటానంటే ఏడింటికి కూర్చోవాలి, మూడ్ లేదు, కరెంటు లేదు అనే మాటలు చెప్పుకోకూడదు.

మీకో ప్రశ్న ఇచ్చి వెళ్తున్నా. సీ57 బ్లాక్6 అనే ల్యాబ్ రకం ఎలుక మామూలుగా లీష్మేనియా మేజర్ అనే పరాన్నజీవిని తట్టుకుంటుంది, బాల్బ్-సీ అనే ఇంకో రకం ఎలుక తట్టుకోలేదు. బ్లాక్6లోనే టీ-బెట్ తీసేస్తే పాదం మీద పుండు ఏమవుతుంది, లింఫ్ నోడ్‌లో ఐఎల్-4 ఏమవుతుంది, ఐఎఫ్ఎన్-గామా ఏమవుతుంది? పట్టిక చూడకుండా, కారణంతో సహా కింద రాయండి, సాయంత్రం కూర్చుని అందరివీ చూస్తాను.