పాత డ్రైవర్ల తొలగింపును మన ప్రాంతపు యంత్రాలతో సరిచూడటం: ఇప్పటివరకు జరిగిన పని

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ కొత్త విడుదల తొమ్మిది పది వారాలకొకసారి వస్తుంది. అందులో కొత్తగా చేరినవాటి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గాని, తీసేసినవాటిని వరుసగా చదివేవారు తక్కువ. కొంతకాలంగా నేను ఆ రెండో పనినే అభిరుచిగా పెట్టుకున్నాను. తొలగింపునకు వచ్చిన ప్రతి డ్రైవర్‌నూ (ఒక పరికరాన్ని నడిపే కెర్నెల్ భాగం), ప్రతి సదుపాయాన్నీ, ఒంగోలు, చీమకుర్తి, కందుకూరు, కావలి పరిసరాల్లో ఇప్పటికీ రోజూ పనిచేస్తున్న పాత కంప్యూటర్లతో సరిచూస్తున్నాను. ఇవి గ్రానైట్ క్వారీల దారిలో ఉన్న వేబ్రిడ్జి కాటాల దగ్గర, రైసు మిల్లుల్లో, డీటీపీ దుకాణాల్లో ఉన్నవి. పాత విండోస్‌కు భద్రతా సవరణలు ఆగిపోయిన తరువాత యజమానుల అంగీకారంతో నేనూ నా మిత్రులూ లైనక్స్‌లోకి మార్చినవి. ఆ యజమానులకు కెర్నెల్ అనే మాటతో పని లేదు. లారీ కాటా ఎక్కితే బరువు తెర మీద కనిపించాలి, చీటీ అచ్చు కావాలి.

తొలగింపులకు నేను వ్యతిరేకిని కాను. పాత యంత్రాల మీద ప్రేమ ఉన్నవారందరూ తొలగింపులను అడ్డుకుంటారన్న అభిప్రాయం ఉంది కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేసులు, అంటే దాని భాగాలు ఒకదానినొకటి పిలుచుకునే పద్ధతులు, తరచుగా మారుతుంటాయి. మారిన ప్రతిసారీ వాటిని వాడుకునే ప్రతి డ్రైవర్‌నూ ఎవరో ఒకరు దిద్దాలి. దిద్దేవారి దగ్గర ఆ పరికరం ఉండదు గనుక, కంపైల్ అయితే చాలునని ముందుకు సాగిపోతారు. ఇలా పది పదిహేనేళ్ళు గడిస్తే, సోర్సులో (కెర్నెల్ మూల కోడ్‌లో) ఉన్న ఆ డ్రైవర్ నిజంగా పరికరాన్ని నడుపుతుందో లేదో చెప్పగలిగినవారు ఎవరూ మిగలరు. అటువంటి డ్రైవర్‌ను నమ్ముకొని కాటా నడపడం కంటే, అది ఇక లేదని ముందుగా తెలుసుకొని మరో కార్డు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

భద్రత సంగతి ఇంకా తీవ్రమైనది. డీసీసీపీ అనే నెట్‌వర్క్ ప్రొటోకాల్ 2005లో కెర్నెల్‌లో చేరింది. దానిని వాడినవారు బహు కొద్దిమంది. అయినా అనేక డిస్ట్రిబ్యూషన్లు (లైనక్స్‌ను కూర్చి అందించే కూర్పులు) దానిని మాడ్యూల్‌గా, అంటే అవసరమైనప్పుడు లోడ్ అయ్యే భాగంగా, అందించేవి; ఏ అధికారమూ లేని సాధారణ ఖాతా నుంచి ఆ రకం సాకెట్ అడిగితే చాలు, కెర్నెల్ దానిని తనంతట తానే లోడ్ చేసేది. అందులో ఏళ్ళ తరబడి దాగి ఉండి 2017లో బయటపడిన ఒక లోపం సాధారణ ఖాతాకు రూట్ అధికారం (యంత్రం మీద పూర్తి అధికారం) చిక్కేలా చేసింది. చివరకు 2025లో 6.16 విడుదలలో ఆ ప్రొటోకాల్‌ను తీసేశారు. మన యంత్రాల్లో ఎక్కువ భాగం డెబియన్ 12లోనే, అంటే 6.1 కెర్నెల్ మీదనే ఉన్నాయి కాబట్టి, ఆ తొలగింపు వాటికి చేరదు. అందువల్ల ప్రతి యంత్రంలోనూ మాడ్యూళ్ళను లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ సెట్టింగుల డైరెక్టరీలో ఒక ఫైలు పెట్టి, ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయమని అడిగినప్పుడు దాని బదులు ఏమీ చేయకుండా విఫలమయ్యే ఫాల్స్ అనే ఆదేశం నడిచేలా ఇన్‌స్టాల్ పంక్తి రాశాను. ఈ పని ఇప్పటికి అన్ని కాటాల దగ్గరా పూర్తయింది.

సరిచూసే పద్ధతి

మొదట్లో ప్రతి యంత్రం దగ్గర, పరికరాలనూ లోడైన మాడ్యూళ్ళనూ చూపే ఎల్‌ఎస్‌పీసీఐ, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ, ఎల్‌ఎస్‌మాడ్ ఆదేశాల ఫలితాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొని వచ్చి, ఇంటి దగ్గర కంటితో చదివేవాణ్ణి. ఇప్పుడు అంతకంటే గట్టి దారి దొరికింది. కెర్నెల్ గుర్తించిన ప్రతి పరికరానికీ సిస్ డైరెక్టరీలో మాడ్అలియాస్ అనే చిన్న ఫైలు ఉంటుంది; తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య కలిపిన ఒక పంక్తి అందులో ఉంటుంది. యంత్రంలోని అలాంటి పంక్తులన్నిటినీ ఒకే ఫైలులోకి చేర్చుకుంటే, ఆ యంత్రం మనముందు లేకపోయినా దాని జాతకం మన చేతిలో ఉన్నట్టే. తరువాత పరీక్షించదలచిన కొత్త కెర్నెల్‌ను నా లాప్‌టాప్‌లో బిల్డ్ చేసి (సోర్సు నుంచి తయారుచేసి), మాడ్‌ప్రోబ్‌కు ఆ కెర్నెల్ వెర్షన్‌ను సూచించి, అలియాస్ (అంటే ఆ పంక్తి) దేనికి చెందుతుందో తేల్చే ఆప్షన్‌తో ఒక్కొక్క పంక్తినీ అడిగితే, దానికి ఏ మాడ్యూల్ వస్తుందో చెబుతుంది. పాత కెర్నెల్‌లో జవాబు వచ్చి కొత్తదాంట్లో రాని పంక్తి ఏదైనా ఉంటే, దానినే నేను తరచి చూడాలి. కెర్నెల్‌లోనే కలిపేసిన డ్రైవర్లకు మాడ్యూల్ ఫైలు ఉండదు గనుక వాటిని బిల్డ్‌లో ఏవి చేరాలో రాసి ఉండే కాన్ఫిగ్ ఫైలులో విడిగా చూసుకోవాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది, నా పని అంతా నిజానికి ఆ హద్దు దగ్గరే మొదలవుతుంది. ఓటరు జాబితాలో పేరు లేని మనిషిలాగా, అతి పాత పరికరాలకు తమ గురించి చెప్పుకునే మార్గమే లేదు. ప్లగ్ అండ్ ప్లే లేని ఐఎస్‌ఏ కార్డుకు (పీసీఐకి ముందు తరం స్లాటులో పెట్టేది), పేరలల్ పోర్టుకు తగిలించిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు, సీరియల్ పోర్టు ద్వారా బరువు పంపే కాటా ఇండికేటరుకు మాడ్అలియాస్ ఉండదు. కెర్నెల్ తన వాడకం గురించి ఎవరికీ కబురు పంపదు కాబట్టి, డెవలపర్లకు ఇలాంటి పరికరాలు వాడుకలో ఉన్నాయని తెలిసే వీలు అసలే లేదు. వాటిని మనిషి వెళ్ళి చూసి, కేసు విప్పి, చేత్తో రాసుకోవాల్సిందే.

చీమకుర్తి దారిలోని ఒక కాటా దగ్గర పనిచేసే పెద్దాయన, నేను కేసు మూత తీస్తుంటే, "పనిచేస్తానే ఉంది గదా బాబూ, ఎందుకు కదిలిస్తావు?" అని అడిగారు. "మార్చడానికి రాలేదు పెద్దాయనా, ఇందులో ఏ కార్డు ఉందో రాసుకుపోవడానికే వచ్చాను" అని చెప్పి, కుర్చీ తెచ్చుకొని ఆయన పక్కనే కూర్చొని రాసుకున్నాను. ఆ యంత్రంలో ఉన్నది నెట్‌మాస్ 9835 చిప్పుతో వచ్చే పీసీఐ కార్డు. రెండు సీరియల్ పోర్టులు, ఒక పేరలల్ పోర్టు దాని మీదే ఉంటాయి; ఇండికేటరు ఒకదానికి, ప్రింటరు మరొకదానికి తగిలించి ఉన్నాయి. దీనిని కెర్నెల్‌లో పార్‌పోర్ట్ సీరియల్ అనే డ్రైవర్ నడుపుతుంది. ప్రింటరుకు దాని మీద ఎల్‌పీ అనే పేరలల్ ప్రింటర్ డ్రైవర్ కూడా కావాలి. 6.12 కెర్నెల్‌లో ఈ మొత్తం వరుస సవ్యంగా పనిచేసింది: చీటీ అచ్చయింది, బరువు తేడా లేకుండా వచ్చింది.

కావలి వైపు రొయ్యల చెరువుల దగ్గరి యంత్రాల్లో మరో జాగ్రత్త అవసరం. ఉప్పుగాలికి సీరియల్ కనెక్టర్ల పిన్నులు పచ్చబడతాయి. కొత్త కెర్నెల్‌లో డేటా రాలేదని డ్రైవర్ మీద నేరం మోపడానికి ముందు, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పిన్నులు తుడిచి, అదే కేబులును పాత కెర్నెల్‌తో ఒకసారి నడిపి చూడాలి. లేకపోతే మన సాక్ష్యానికి విలువ ఉండదు.

ఇప్పటికే జరిగిపోయిన తొలగింపుల్లో మనకు తగిలినవి రెండు. మొదటిది 2021లో 5.14 విడుదలలో పాత ఐడీఈ (డిస్కులను తగిలించే పాత పద్ధతి) డ్రైవర్ల డైరెక్టరీ మొత్తాన్ని తీసేయడం. అదే పని చేసే కొత్త లైబ్రరీ లిబ్‌ఏటీఏ వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది, ఇంటెల్ బోర్డులకు ఏటీఏ పీక్స్, వయా బోర్డులకు పాటా వయా డ్రైవర్లు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి పరికరం ఏదీ మూలపడలేదు. అయితే డిస్కు పేరు హెచ్‌డీఏ నుంచి ఎస్‌డీఏకు మారుతుంది. ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో పాత పేరే ఉన్న యంత్రం బూట్ కాదు. దాని స్థానంలో యూయూఐడీ (డిస్కు విభాగపు ప్రత్యేక గుర్తింపు సంఖ్య) రాసుకుంటే ఏ కెర్నెల్‌తోనైనా సరిపోతుంది.

రెండోది రైజర్ ఎఫ్‌ఎస్. 2001లో చేరిన ఈ ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్ళను అమర్చే పద్ధతి) కొంతకాలం సూసే అనే డిస్ట్రిబ్యూషన్‌లో డిఫాల్ట్‌గా ఉండేది. 2022లో 5.18 నుంచి దీనికి కాలం చెల్లిందన్న హెచ్చరిక మొదలైంది, 2025 జనవరిలో 6.13 విడుదలతో సోర్సు పూర్తిగా పోయింది. ఒంగోలులోని ఒక డీటీపీ దుకాణంలో, ఒకప్పుడు ఫైల్ సర్వరుగా వాడిన సూసే డిస్కు అటక మీద ఉందని తెలిసి, దాన్ని అడిగి తీసుకున్నాను. డీడీ రెస్క్యూతో మొత్తం డిస్కుకు ఇమేజ్ తీసి, ఆ ఇమేజ్‌కు మరో ప్రతి తీసి, రెండో ప్రతిని మాత్రమే డెబియన్ 12 యంత్రంలో మౌంట్ చేశాను. చదవడానికే మౌంట్ చేసినా జర్నల్ (ఫైల్ సిస్టమ్ మార్పుల చిట్టా) మళ్ళీ నడిచి డిస్కు మీద మార్పు జరిగే అవకాశం ఉంది. అందుకే ప్రతికి ప్రతి. పెళ్ళిపత్రికల ఫైళ్ళు, పాత కరపత్రాలు, ఖాతా పుస్తకాల నమూనాలు అన్నీ ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లోకి చేరాయి. మీ ఇంట్లో గాని దుకాణంలో గాని ఆ కాలపు సూసే డిస్కు ఉంటే, 6.1 కెర్నెల్ సులభంగా దొరుకుతున్న ఈ రోజుల్లోనే ఈ పని చేసుకోండి.

తొలగించినవి తిరిగి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. సీడీ, డీవీడీల మీద ప్యాకెట్ పద్ధతిలో రాయడానికి పనికొచ్చే పీకేటీసీడీవీడీ డ్రైవర్‌ను 6.2 విడుదల కోసం తీసేశారు. దానిని ఇంకా వాడుతున్నామన్న మాట రాగానే, 2023 జనవరిలో, ఆ విడుదల పూర్తికాకముందే వెనక్కి తెచ్చారు. ఒకప్పుడు మన ఊళ్ళలో కేబుల్ టీవీని కంప్యూటర్‌లో చూడటానికి కొనుక్కున్న బీటీ878 టీవీ ట్యూనర్ కార్డుల కథ మరో రకం. వాటి బీటీటీవీ డ్రైవర్ ఆధారపడిన పాత వీడియోబఫ్ లైబ్రరీకి కాలం తీరింది. 2023లో డ్రైవర్‌ను కొత్త లైబ్రరీకి మార్చిన తరువాతనే పాత లైబ్రరీని తీసేశారు. ఒక డ్రైవర్ బతకాలంటే వాడుతున్నానని చెప్పే మనిషి, పరీక్షించే మనిషి, అవసరమైతే దిద్దే మనిషి కావాలి. మొదటి రెండు పనులు ఒంగోలులో కూర్చొని నావంటివాడు కూడా చేయగలడు.

3సీ509తో సాధన

తొలగింపు ఎలా జరుగుతుందో చేత్తో చేసి నేర్చుకోవాలని, 6.12 సోర్సులో నా సొంత బ్రాంచిలో (విడి ప్రతిలో) త్రీకామ్ 3సీ509 నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను పూర్తిగా తీసే పని పెట్టుకున్నాను. ఇది ఎవరికీ పంపడానికి కాదు. దీని కాన్ఫిగ్ పేరు ఈఎల్3. సోర్సులో మాటలు వెతికే గిట్ గ్రెప్‌తో ఆ పేరును ఊరికే వెతికితే, ఆర్మ్ ప్రాసెసర్లలోని ఎక్సెప్షన్ లెవెల్ 3 అనే అధికార స్థాయికీ అదే పొట్టి పేరు కాబట్టి, సంబంధం లేని పంక్తులు కుప్పలుగా వస్తాయి. ముందు కాన్ఫిగ్ అన్న మాటను చేర్చి, కేకాన్ఫిగ్, మేక్‌ఫైల్, డెఫ్‌కాన్ఫిగ్ అనే బిల్డ్ ఎంపికల ఫైళ్ళకే పరిమితం చేసి వెతకాలి. సోర్సు ఫైలు, మేక్‌ఫైల్‌లోని పంక్తి, కేకాన్ఫిగ్‌లోని భాగం, డాక్యుమెంటేషన్‌లోని పేజీ, ఆ పేజీని సూచించే విషయసూచికలోని పంక్తి, ఇవన్నీ ఒకే కమిట్‌లో (నమోదైన ఒకే మార్పుగా) పోవాలి. విషయసూచికలో పంక్తి మిగిలిపోతే డాక్యుమెంటేషన్ బిల్డ్ హెచ్చరిక ఇస్తుంది.

బిల్డ్ పరీక్షలో అందరూ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ డ్రైవర్ ఐఎస్‌ఏ లేదా ఈఐఎస్‌ఏ ఉన్నప్పుడే బిల్డ్ అవుతుంది, 64 బిట్ ఎక్స్86లో ఆ ఎంపికలు రావు. అందువల్ల 64 బిట్‌లో, వీలైనవన్నీ మాడ్యూళ్ళుగా పెట్టే ఆల్‌మాడ్‌కాన్ఫిగ్ బిల్డ్ చేసి అంతా బాగుందనుకుంటే, తీయడానికి ముందూ తరువాతా అసలు ఆ ఫైలునే ముట్టని బిల్డ్‌ను చూసి తృప్తిపడినట్టవుతుంది. ఆర్కిటెక్చర్ ఐ386 అని ఇచ్చి బిల్డ్ చేయాలి. ఇది నా లాప్‌టాప్‌లో గంటల పని. ముందటి కంపైల్ ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ పెట్టుకుంటే రెండోసారి చాలా త్వరగా అయిపోతుంది. వేసవిలో కరెంటు పోయే వేళలు చూసుకొని ఇన్వర్టరు ఉన్న గదిలో నడుపుతున్నాను. కంప్యూటర్‌ను అనుకరించే క్యూఈఎంయూలో ఐఎస్‌ఏ ఎన్ఈ2000 కార్డుకు అనుకరణ ఉంది గనుక ఆ డ్రైవర్‌ను పరికరం లేకుండానే నడిపి చూడవచ్చు. 3సీ509కు అది లేదు, అసలు కార్డు దొరకాల్సిందే.

సాధనలో నాకు నచ్చిన సంగతి, తొలగింపులోనూ కొన్నిటిని వదిలిపెట్టాలన్న నియమం. వినియోగదారుల ప్రోగ్రాములు వాడుకునే హెడర్లను (నిర్వచనాల ఫైళ్ళను) తరచుగా అలాగే ఉంచుతారు. తీసేసిన సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము కెర్నెల్‌ను ఒక పని అడిగే పిలుపు) సంఖ్యను మరొకదానికి ఇవ్వరు: ఎన్‌ఎఫ్‌ఎస్‌సర్వ్‌సీటీఎల్ 2011లో పోయింది గాని, 64 బిట్ ఎక్స్86 పట్టికలో 180వ స్థానం నేటికీ దానిదే. పాత ప్రోగ్రాము ఆ సంఖ్యతో పిలిస్తే, ఆ సదుపాయం లేదన్న స్పష్టమైన ఎర్రర్ వస్తుందే గాని, మరో పని జరగదు.

మిగిలిన పని

32 బిట్ యంత్రాలు ప్రస్తుతం నా ముందున్న పెద్ద చిక్కు. కెర్నెల్‌లో 32 బిట్ ఎక్స్86 ఇంకా ఉంది, 2013లో 3.8 విడుదలతో పోయింది 386 ప్రాసెసర్ మాత్రమే, 486ను తీసే ప్రతిపాదన 2025లో వచ్చింది. మన కాటాల దగ్గరివి పెంటియం 4 తరం కాబట్టి ఆ రెండూ మనకు తగలవు. తగిలింది డిస్ట్రిబ్యూషన్ నిర్ణయం: 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకు కెర్నెల్ గాని ఇన్‌స్టాలర్ గాని లేదు. అందుకని ఆ యంత్రాలకు 6.12 కెర్నెల్‌ను నేనే బిల్డ్ చేస్తున్నాను. కాటా దగ్గర ప్రింటరు, ఇండికేటరు, పెన్‌డ్రైవ్ అన్నీ తగిలించి, వాడి, ఆ తరువాత ఎల్‌ఎస్‌మాడ్ ఫలితాన్ని తెచ్చుకొని, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే బిల్డ్ ఎంపికకు ఆ ఫైలును ఇస్తే, ఆ యంత్రానికి అవసరమైనవి మాత్రమే బిల్డ్ అవుతాయి. తగిలించని పరికరానికి మాడ్యూల్ రాదు కాబట్టి తొందరపడకూడదు.

మెర్జ్ విండో (కొత్త మార్పులు చేర్చుకునే వ్యవధి) రెండు వారాల్లో ముగిసి మొదటి ఆర్‌సీ (పరీక్ష కోసం ఇచ్చే ముందస్తు విడుదల) వచ్చాక, విడుదలకు సాధారణంగా ఏడెనిమిది వారాల గడువు ఉంటుంది. అభ్యంతరం ఏదైనా ఉంటే చెప్పవలసిన సమయం అదే. వచ్చే మొదటి ఆర్‌సీ రోజున కమిట్ల చరిత్రలో తొలగించిన ఫైళ్ళను మాత్రమే వడపోసి చూపే ఆప్షన్‌తో జాబితా తీసి, కాటాల ఫైళ్ళతో సరిచూస్తాను. కందుకూరు మిల్లుల్లో పేరలల్ పోర్టు ప్రింటర్ల పట్టిక ఇంకా పూర్తి కాలేదు. కోతలు ముగిసి మిల్లులో కాస్త తీరిక దొరికాక అక్కడి యంత్రాల మూతలు తీస్తాను. ఆ వైపు ఎవరి దగ్గరైనా 3సీ509 కార్డు ఉంటే, పనిచేసినా చేయకపోయినా, చూడాలని ఉంది.