బెల్లంతో బ్రిటన్‌కి: మా కుందేలు నాలుగు నెలల క్వారంటైన్

మా కుందేలు పేరు బెల్లం. రంగు చూసి మా పాప పెట్టింది. కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చినప్పుడు అరచేతిలో పట్టేంత ఉండేది, ఇప్పుడు రెండు కిలోల పైనే. మా ఆయనకి ఇంగ్లండ్‌లో, రీడింగ్ అనే ఊళ్లో ఉద్యోగం ఖాయమైన రోజు పాప అడిగిన మొదటి మాట "బెల్లం కూడా వస్తుంది కదా అమ్మా?" అని. వస్తుందని మాటిచ్చేశాను. అప్పటికి నేను ఒక్క రూలు కూడా చదవలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకళ్లు కుక్కని లండన్ తీసుకెళ్లారు, వాళ్లకి మైక్రోచిప్, రేబిస్ టీకా, ఆ తర్వాత రక్తపరీక్ష, పరీక్షకి రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగడం, ఇంత తతంగం అయింది. కుక్కకే అంత ఉంటే పాపం కుందేలుని ఎవరు పట్టించుకుంటారు, ఇంకా తేలిగ్గానే అయిపోతుందనుకున్నాను.

తీరా చూస్తే అంతా తిరగబడింది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వచ్చే పెంపుడు కుందేళ్లు, ఎలుక జాతి జంతువులు ఇంగ్లండ్‌లో నాలుగు నెలలు క్వారంటైన్‌లో ఉండాల్సిందే. కారణం రేబిస్ భయమే. కుక్కకి, పిల్లికి టీకాతోనో రక్తపరీక్షతోనో క్వారంటైన్ తప్పించుకునే దారి ఉంది, కుందేలుకి ఆ దారి లేదు. పుట్టినప్పటి నుంచి బాల్కనీ దాటని కుందేలు అయినా సరే, అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హనుమకొండలో ఉండే మా అత్తమ్మకి ఫోన్ చేసి చెప్తే, "గా చెవులపిల్లిని నా దగ్గర ఇడిచిపెట్టి పోండి బిడ్డా, నేను సూస్కుంట" అంది. ప్రేమతోనే అంది, ఆమె నిజంగా చూసుకుంటుంది కూడా. కానీ ఆ ఇంట్లో ఏసీ లేదు, మే నెలలో అక్కడి ఎండ సంగతి తెలిసిందే. కుందేలుకి మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి ఎక్కువగా ఆ చెవుల నుంచే బయటికి పోవాలి, ముప్పై డిగ్రీలు దగ్గర పడితేనే దానికి కష్టం మొదలవుతుంది. కుందేళ్లు బాగా చూసుకుంటే ఎనిమిది, పదేళ్లు బతుకుతాయి. మా బెల్లానికి నాలుగు. మిగిలిన జీవితంలో నాలుగు నెలలు పోతే పోనీ, తర్వాతైనా మాతోనే ఉంటుంది కదా అని తీసుకెళ్లడానికే నిర్ణయించుకున్నాం. అది దాని మంచికా, మా మంచికా అని ఇప్పటికీ ఒక్కోసారి ఆలోచిస్తూనే ఉంటాను.

మధ్యలో ఒకాయన, యూరోపు కుందేళ్లకి ఇంగ్లండ్‌లో క్వారంటైన్ లేదు కాబట్టి ముందు ప్యారిస్ తీసుకెళ్లి అక్కడిదేనని చెప్పి దాటించేయమన్నాడు. అబద్ధం చెప్పి తీసుకెళ్లి దొరికిపోతే శిక్ష పడేది బెల్లానికి. వెనక్కి పంపొచ్చు, చంపేయనూవచ్చు. ఆ మాట అక్కడితో వదిలేశాం.

పని మాత్రం మేం తలకిందులుగా మొదలుపెట్టాం. ముందు విమాన టికెట్లు చూశాం, అది తప్పు. ముందుగా ఇంగ్లండ్‌లో అనుమతి ఉన్న క్వారంటైన్ కేంద్రంలో చోటు బుక్ చేయాలి, ఎయిర్‌పోర్ట్ నుంచి అక్కడికి తీసుకెళ్లే అనుమతి ఉన్న వాహనం వాళ్లని మాట్లాడుకోవాలి, ఆ వివరాలతో అక్కడి జంతు, మొక్కల ఆరోగ్య సంస్థ, అదే ఏపీహెచ్ఏ, దగ్గర రేబిస్ దిగుమతి లైసెన్స్‌కి, అంటే రేబిస్ సోకే వీలున్న జంతువుని దేశంలోకి తెచ్చుకునే అనుమతికి, అప్లై చేయాలి. ఆ లైసెన్స్ చేతికొచ్చాకే విమానం సంగతి. ఇంగ్లండ్ వెళ్లే విమానంలో పెంపుడు జంతువుని సీటు కింద పెట్టుకోవడం కుదరదు, కార్గోగానే వెళ్లాలి. ఖర్చు చెప్పాలంటే, క్వారంటైన్ ఒక్కటే మా ముగ్గురి టికెట్ల కంటే ఎక్కువైంది. మా ఆయన అక్టోబర్‌లో ముందు వెళ్లిపోయారు, మేం జనవరికి పెట్టుకున్నాం, ఎండ లేని నెల కావాలని.

ఇక్కడి కాగితాల్లో నన్ను ఏడిపించింది ఒక్క పదం. మేం వెళ్లిన పశువైద్యుడు ఆరోగ్య ధ్రువపత్రంలో 'రాబిట్' అని రాయాల్సిన చోట 'హేర్' అని రాశారు. తెలుగులో రెండూ కుందేలే కదా, నేనూ గమనించలేదు. తర్వాతి ఆఫీసులో ఆ కాగితం చూసి, "ఇది అడవి కుందేలా? ఫారెస్ట్ వాళ్ల అనుమతి ఏదమ్మా?" అన్నారు. వాళ్లు అడగడంలో తప్పేం లేదు, మన అడవి కుందేలు వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తుంది, దాన్ని పెంచుకోవడమే నేరం. మా బెల్లం యూరోపు నుంచి వచ్చిన పెంపుడు జాతి. మళ్లీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తి, ఈసారి పక్కన కూర్చుని శాస్త్రీయ నామంతో సహా రాయించాను, ఒరిక్టోలేగస్ క్యూనిక్యులస్ అని. ప్రయాణానికి ఇంకా ఆరు రోజులుంది, ఆ టెన్షన్ ఎవరికీ రాకూడదు.

అన్నిటికంటే నేను భయపడింది దాని కడుపు గురించి. కుందేలు తినడం ఆపకూడదు, సగం రోజు తినకపోతే పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రయాణం ముందు పస్తు ఉంచకూడదు, మత్తుమందు ఇవ్వకూడదు. రెండు నెలల ముందే ప్రయాణం పెట్టె తెచ్చి హాల్లో తలుపు తీసి పెట్టాం. మొదటి వారం దాని వంకే చూడలేదు, తర్వాత అందులోనే పడుకోవడం మొదలుపెట్టింది. గరిక, తోటకూర మెల్లగా తగ్గించి, అక్కడ దొరికే టిమోతీ ఎండుగడ్డి అలవాటు చేశాం. రోజూ పొద్దున్నే నేను చూసేది దాని పెంటికలే. శనగ గింజంత గుండ్రంగా, పొడిగా ఉంటే ఆ రోజు నాకు స్థిమితం.

శంషాబాద్ కార్గో దగ్గర పెట్టె అప్పగించేటప్పుడు పాప తన పాత స్వెటర్ ముక్క ఒకటి లోపల పెట్టింది. హీత్రూలో జంతువుల్ని దింపుకునే కేంద్రం ఉంది, అక్కడ కాగితాలన్నీ చూసి నేరుగా క్వారంటైన్ వ్యాన్ ఎక్కించేశారు, మాకు చూపించలేదు. సాయంత్రం ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, నేను అడగకముందే, తింటోంది, పెంటికలు కూడా వేసింది అని చెప్పింది. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను.

ముందుగా చెప్తే వెళ్లి చూడనిస్తారు. శనివారాలు వెళ్లేవాళ్లం. మొదటి నాలుగు వారాలు మా వైపు వీపు పెట్టి మూలకి కూర్చునేది, పాప గడ్డి చాపితే వెనక్కాలితో నేల మీద ధన్‌మని కొట్టేది. ఐదో శనివారం దగ్గరికొచ్చి, చాలాసేపు వాసన చూసి, పాప వేలు నాకింది.

మే నెలలో విడుదల చేశారు. అక్కడ కుందేళ్లకి మిక్సోమటోసిస్, రక్తస్రావ వ్యాధి అనే ప్రాణాంతక జబ్బులకి టీకా వేయించమంటారు, హైదరాబాద్‌లో మా డాక్టర్ దగ్గర అది లేదు, కాబట్టి ఇంటికి తెచ్చిన వారంలోనే వేయించాం. ఇంట్లోకి రాగానే సోఫా కింద దూరి ఒక పూటంతా బయటికి రాలేదు. రాత్రి నేను వంటింట్లో కొత్తిమీర తరుగుతుంటే కాళ్లకి ఏదో మెత్తగా తగిలింది. చూస్తే బెల్లం, కూకట్‌పల్లిలోలాగే వెనక్కాళ్ల మీద లేచి నిలబడి, కాడ ఇవ్వమని నా చీర కుచ్చిళ్లు పళ్లతో లాగుతోంది.