నిజమే రాశాను, అయినా తీసేశాను

ఒక సంస్థ నా డబ్బు తిరిగివ్వలేదని రసీదులతో సహా పోస్ట్ పెట్టాను. నాలుగో రోజున పరువునష్టం కేసు వేస్తామని లాయర్ నోటీసు వచ్చింది. నేను రాసిన ప్రతి మాటా నిజం. అయినా రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. టెన్షన్ భరించలేక పోస్ట్ తీసేశాను.

ఇంగ్లండ్‌లో పరువునష్టం కేసు పడితే, రాసింది నిజమని నిరూపించుకోవాల్సింది రాసినవాళ్లే. సైన్స్ రచయిత సైమన్ సింగ్ 2008లో రాసిన ఒక్క వ్యాసానికి 2010 దాకా కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి కేసు పెట్టినవాళ్లే వదులుకున్నారు. కేసు పెట్టేవాళ్లు తమ పరువుకు తీవ్రమైన నష్టం జరిగిందని, లేదా జరగొచ్చని చూపించాలని అక్కడి 2013 చట్టం షరతు పెట్టింది. మంచి మార్పే. కానీ నాలాంటివాళ్లు కోర్టు దాకా వెళ్లరు కదా, నోటీసు దగ్గరే ఆగిపోతారు.

నా పోస్ట్ కింద ముగ్గురు 'మాకూ ఇలాగే జరిగింది' అని రాశారు. పోస్ట్‌తోపాటు వాళ్ల మాటలూ పోయాయి.