నేను కొడితే రెండు

ఆదివారం, బెంగళూరు మారతహళ్లి.

ఆఫీసు ఫుట్‌బాల్ టోర్నమెంట్. జట్టుకి ఐదుగురు, అందులో ఒక ఆడమనిషి తప్పనిసరి. ఆమె గోల్ కొడితే రెండుగా లెక్క. శుక్రవారమే మా టీమ్ లీడ్ వచ్చి, "మీరు ఊరికే నిలబడండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

ఆడవాళ్ల సైజు స్టడ్స్, అంటే ఫుట్‌బాల్ బూట్లు, రెండు షాపుల్లో అడిగాను, లేవన్నారు. మగపిల్లల నాలుగో నంబరు కొన్నా. ముందు బిగుతు, వెనక వదులు. పది నిమిషాలకే మడమ ఒరుసుకుపోయి సాక్సు ఎర్రగా అయింది. పొద్దున మదనపల్లె నుంచి అమ్మ ఫోన్ చేసి "బిడ్డ తల్లివి, నీకు బంతాట ఎందుకు పాపా" అంటే, ఆఫీసు పనిలేమ్మా అన్నాను. అబద్ధమేం కాదుగా.

నిజంగానే నిలబెట్టారు. మొదటి సగంలో బంతి నాకు మూడుసార్లు తగిలింది, రెండుసార్లు పొరపాటున. అవతలి జట్టు అమ్మాయికీ అదే డ్యూటీ, నా పక్కనే. ఆట అటువైపు ఉన్నంతసేపూ ఇద్దరం కబుర్లే. నిజామాబాద్ అట. "సౌమ్య గుగులోత్ తెలుసా అక్కా? మా జిల్లానే. ఇండియాకు ఆడ్తది. 2022ల క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ టీమ్‌ల చేరింది!" సొంత చెల్లెలి గురించి చెప్పినట్టే చెప్పింది.

ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్ 26న ఆడవాళ్ల మ్యాచ్ చూడ్డానికి లివర్‌పూల్‌లో 53 వేలమంది వచ్చారు. మరుసటి డిసెంబర్‌కల్లా అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్, ఈ ఆట ఆడవాళ్లకి తగదంటూ తన క్లబ్బుల మైదానాలు వాళ్లకి ఇవ్వొద్దంది. దాదాపు యాభై ఏళ్లు అదే వరస. జనం రాక కాదు, వచ్చినందుకే అని నా అనుమానం. మాకా ఇబ్బంది లేదు, మైదానం ఇచ్చారు. బంతే ఇవ్వలేదు.

చివరి రెండు నిమిషాల్లో 1-2తో వెనకబడ్డాం. అప్పుడు గుర్తొచ్చా అందరికీ! నలుగురూ నాకే పాస్. "కొట్టండి మేడమ్, కొట్టండి!" టెన్షన్‌లో కళ్లు మూసుకుని కొట్టా. బంతి వలమీదుగా పార్కింగ్‌లోకి పోయింది. ఓడిపోయాం. పర్లేదు మేడమ్ అన్నారు, మొహాలు మాత్రం అలా లేవు. మధ్యాహ్నమంతా బంతి ఇవ్వకుండా ఆఖర్లో ఇస్తే కాలు ఎక్కడ కుదురుతుంది?

గేటు దగ్గర నిజామాబాద్ అమ్మాయి మజ్జిగ ప్యాకెట్ చింపుతూ, "మనమే ఆడుకుందామా అక్కా?" అంది. మంగళవారం ఏడింటికి టర్ఫ్ గ్రౌండ్ బుక్ చేసేశాం. పదిమంది కావాలి. ఇప్పటికి నలుగురు.