అమ్మానాన్నల టికెట్‌కి మైళ్ళు కొన్న లెక్క

మైళ్ళు, అంటే ఎయిర్‌లైన్ ఇచ్చే, టికెట్‌కి మార్చుకునే పాయింట్లు, డబ్బు పెట్టి కొనకూడదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళని ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట ఇదే. నేనూ ఇన్నేళ్ళుగా అందరికీ ఇదే చెబుతున్నాను. క్రెడిట్ కార్డు తీసుకుంటే వచ్చే బోనస్, ఆఫీసు పని మీద తిరిగితే వచ్చే మైళ్ళు, వాటితో సరిపెట్టుకోవాలి తప్ప ఎయిర్‌లైన్‌కి డాలర్లిచ్చి మైళ్ళు కొనడం దండగ అని. మొన్న మేలో అమ్మా నాన్నా నెల్లూరు నుంచి డాలస్‌కి బిజినెస్ క్లాసులో వచ్చారు. ఆ టికెట్లకి వాడిన మైళ్ళలో ఎక్కువ భాగం కొన్నవే. తెలిసే కొన్నాను. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం "పాయింట్లతో ఫ్రీగా పిలిపించుకుందంట" అని ఒక మాట తిరుగుతోంది కాబట్టి, అసలు ఎంత పడిందో, ఎందుకు కొన్నానో రాస్తున్నాను.

అమ్మకి రెండు మోకాళ్ళూ మార్చారు. నడుస్తుంది, మెట్లెక్కుతుంది. కానీ కాళ్ళు కదపకుండా గంట కూర్చుంటే లేవడానికి ఒక భుజం కావాలి. చెన్నై నుంచి దోహాకి దాదాపు ఐదు గంటలు, దోహా నుంచి డాలస్‌కి దాదాపు పదహారు. కిందటిసారి ఎకానమీలో వచ్చినప్పుడు పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు. "ఈసారి రాలేనులేవే, మీరే రండి" అనేసింది. నాన్నకి ఏ సీటైనా ఒకటే. చెన్నై బస్సులో నిలబడి పోయొచ్చిన మనిషి. "మీ అమ్మని ముందర కూర్చోబెట్టు, నేను వెనక కూర్చుంటా" అన్నాడు. కుదరదు. ఫారం నింపాలన్నా, ఎయిర్‌హోస్టెస్‌ని మంచినీళ్ళు అడగాలన్నా అమ్మకి నాన్న పక్కన ఉండాలి. అంటే ఒకే విమానంలో, ఒకే రోజు, రెండు బిజినెస్ సీట్లు. మైళ్ళతో ఒక సీటు దొరకడం ఒక ఎత్తు, రెండు దొరకడం ఇంకో ఎత్తు.

ముందు ఈ మైళ్ళు అనేవి ఏమిటో రెండు మాటలు. 1981 మేలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ అనే తన మైళ్ళ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. అప్పటికి రెండేళ్ళ క్రితమే ఆ కంపెనీ న్యూయార్క్ నుంచి మకాం మార్చి మా డాలస్–ఫోర్ట్‌వర్త్ వైపు వచ్చింది. అప్పట్లో ఎంత దూరం ఎగిరితే అన్ని మైళ్ళు రాసేవాళ్ళు. ఇప్పుడు దూరానికీ మైలుకీ సంబంధం దాదాపు లేదు. అది ఎయిర్‌లైన్ తానే అచ్చేసుకునే నోటు. బ్యాంకులకి టోకున అమ్ముతుంది, బ్యాంకులు మనకి కార్డు బోనస్ అని ఇస్తాయి. కోవిడ్‌లో విమానాలు నేల మీద పడి ఉన్నప్పుడు, 2020లో, యునైటెడ్ తన మైళ్ళ ప్రోగ్రామ్‌ని చూపించి 6.8 బిలియన్ డాలర్లు, డెల్టా 9 బిలియన్ డాలర్లు అప్పు తెచ్చుకున్నాయి. మరుసటి ఏడాది అమెరికన్ 10 బిలియన్ తెచ్చింది. విమానాలకంటే మైళ్ళకే అప్పు ఎక్కువ పుట్టింది అని మా ఆయన వెటకారం.

అచ్చేసేవాళ్ళే విలువ కూడా నిర్ణయిస్తారు. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో ఎన్ని మైళ్ళకి ఎక్కడికో చెప్పే పట్టికలనే తీసేశాయి. అమెరికన్ 2016 మార్చిలో ఇండియా–అమెరికా ఫస్ట్ క్లాసుని 90 వేల నుంచి ఒక్కసారిగా లక్షా 15 వేలకి తీసుకుపోయింది. అందుకే మైళ్ళు కొని దాచుకోవడం అంటే నాకు ఒళ్ళు మంట. సేల్ మెయిల్ వచ్చిందని కొనిపెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు. వాటితో ఎప్పుడు, ఎక్కడికి వెళతారో వాళ్ళకే తెలియదు.

అయితే అమెరికన్ పట్టికలో ఒక గడి మాత్రం 2016 మార్పులో కొంచెమే పెరిగి, తర్వాత అలాగే ఉంది. ఇండియా, గల్ఫ్ దేశాలు కలిసిన జోను నుంచి అమెరికాకి, భాగస్వామి ఎయిర్‌లైన్స్‌లో (అంటే ఆడ్వాంటేజ్ మైళ్ళతో ఎక్కనిచ్చే వేరే కంపెనీల విమానాల్లో), ఒక వైపుకి బిజినెస్ క్లాసు 70 వేల ఆడ్వాంటేజ్ మైళ్ళు. ఖతార్ ఎయిర్‌వేస్ ఆ భాగస్వాముల్లో ఒకటి. పైన కట్టే పన్నులు కూడా తక్కువే, ఎందుకంటే ఖతార్ సీట్ల మీద అమెరికన్ ఇంధనం సర్‌చార్జీ వెయ్యదు. మన వాళ్ళ రాకపోకలకి ఇంతకంటే తేలికైన దారి నాకు కనబడలేదు.

ఇక లెక్క. ఇద్దరికీ కావలసినవి లక్షా 40 వేల మైళ్ళు. నా ఖాతాలో 40 వేలు ఉన్నాయి. మిగతా లక్ష సేల్‌లో కొన్నాను, మైలుకి రెండు సెంట్ల పైన కొంచెం పడింది. మొత్తం 2,250 డాలర్లు. ఇద్దరి పన్నులూ కలిపి ఇంకో 150 అనుకోండి. అంటే 2,400. అదే విమానంలో బిజినెస్ టికెట్ డబ్బు పెట్టి కొంటే ఒక్కొక్కరికి 3,400 చూపించింది. ఇక్కడే అందరూ కాలర్ ఎగరేస్తారు, "6,800 టికెట్లు 2,400కి కొట్టేశా" అని. నేను ఆ మాట ఒప్పుకోను. 6,800 పెట్టి నేను ఈ జన్మలో కొనేదాన్ని కాదు. కొనని ధరతో పోల్చుకుని మిగిలింది అనుకుంటే అది మనల్ని మనం మభ్యపెట్టుకోవడం. మైళ్ళు లేకపోతే నేను కొనేది ఎకానమీ, ఇద్దరికీ 1,700. నా దగ్గరున్న 40 వేల మైళ్ళు కూడా ఊరికే రాలేదు, వాటికి తక్కువలో తక్కువ 600 వేసుకోవాలి. అప్పుడు నిజమైన తేడా 1,300 డాలర్లు. అమ్మ వచ్చాక "ఎంత పడిందే?" అని అడిగితే ఇదే అంకె చెప్పాను. రూపాయల్లోకి మార్చుకుని, "లక్ష రూపాయలు నిద్రకా!" అంది. అవును, నిద్రకే.

సేల్స్ గురించి ఎవరికీ టెన్షన్ అక్కర్లేదు. ఏడాది పొడుగునా ఏదో ఒక సేల్ వస్తూనే ఉంటుంది. ఎక్కువ కొంటే ఎక్కువ బోనస్ అని ఊరిస్తారు. కొన్న మైళ్ళు వెనక్కి తీసుకోరు. అసలు కష్టం సీటు. ఎయిర్‌లైన్ ఒక విమానంలో మైళ్ళకి ఇచ్చే బిజినెస్ సీట్లు కొన్నే. ఖతార్ వాటిలో భాగస్వాములకి వదిలేవి ఇంకా తక్కువ. మనవాళ్ళేమో అందరూ ఒక్కసారే కదులుతారు. ఎండలు ముదిరాక ఏప్రిల్, మేలో వస్తారు. వీసా మీద ఇచ్చేది ఆరు నెలలే కాబట్టి అక్టోబరులో తిరిగి వెళతారు. ఆ నెలల్లో ఒకే రోజున రెండు సీట్లంటే ఓపిక ఉండాలి.

నేను ముందు దోహా–డాలస్ ఒక్కటే వెతికాను. పొడుగు ప్రయాణం దొరికితే చిన్న ప్రయాణం సంగతి తర్వాత చూసుకోవచ్చు. డాలస్ దొరకనప్పుడు హ్యూస్టన్ కూడా చూశాను. కారులో నాలుగు గంటలే కదా, పోయి తెచ్చుకోవచ్చు. అమెరికన్ సైట్ 331 రోజుల ముందు నుంచి బుకింగ్ తెరుస్తుంది, కానీ అంత ముందు చూస్తే నాకు ఒక్క సీటు కన్నా ఎక్కువ కనబడలేదు. సీట్స్ డాట్ ఏరో అని ఒక సైట్ ఉంది, సీటు తెరుచుకుంటే మెయిల్ పంపుతుంది. ఎయిర్ కెనడా 2023లో దాని మీద కేసు కూడా వేసింది. అందులో అలర్ట్ పెట్టుకున్నాను. చివరికి రెండు సీట్లు వచ్చింది తెల్లవారుజామున. హైదరాబాద్ నుంచి దోహాకి మాత్రం ఆ రోజు బిజినెస్ లేదు.

మన వాళ్ళు చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ప్రయాణమంటే శంషాబాద్ నుంచే అని మనసులో పడిపోయింది. నెల్లూరు వాళ్ళకి అసలు దగ్గర చెన్నై. కారెక్కితే మూడు గంటలు, నాలుగు గంటలు. చెన్నై–దోహా పెట్టి చూస్తే రెండు సీట్లూ ఉన్నాయి. చిత్తూరు, తిరుపతి వాళ్ళకీ ఇదే మాట. అనంతపురం వాళ్ళు బెంగళూరు చూసుకోవచ్చు. జోను ఒక్కటే కాబట్టి మైళ్ళు ఎక్కడి నుంచైనా అంతే.

సీట్లు కళ్ళతో చూశాకే మైళ్ళు కొన్నాను. కొన్నవి చాలాసార్లు నిమిషాల్లో ఖాతాలో పడతాయి. అయినా ఆ కాసేపట్లో ఎవరైనా ఎగరేసుకుపోతారేమో అని గుండె దడ. కొత్తగా తెరిచిన ఖాతాలో వెంటనే కొననివ్వని కంపెనీలు ఉన్నాయి, కాబట్టి ఖాతా మాత్రం ముందే తెరిచి పెట్టుకోండి. అది ఉచితమే. ఇంకో సంగతి, ఆడ్వాంటేజ్‌లో మన మైళ్ళతో ఎవరికైనా టికెట్ తీయొచ్చు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ప్రోగ్రామ్ క్రిస్‌ఫ్లయర్‌లో అలా కాదు, ఐదుగురి పేర్లు నామినీలుగా పెట్టి వాళ్ళకే వాడాలి. అత్తగారివైపు, అమ్మవైపు పంచేసరికి ఐదు అయిపోతాయి, ఇంట్లో గొడవ మొదలవుతుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో అవియోస్ (వాళ్ళ మైళ్ళ పేరు) తక్కువ చూపించినా పైన సర్‌చార్జీలు వందల డాలర్లు ఉంటాయి, చివరి పేజీ దాకా వెళ్ళి చూసి మాట్లాడండి. ఎయిర్ కెనడా ప్రోగ్రామ్ ఏరోప్లాన్ మంచిదే, సర్‌చార్జీలు వెయ్యదు, కానీ నాకు కావలసిన తేదీల్లో అక్కర రాలేదు.

టికెట్ తీసేటప్పుడు పేరు దగ్గర నిదానంగా ఉండాలి. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒక్క గడిలోనే ఉంది. ఇలాంటివాళ్ళకి అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ అయిపోయి, గివెన్‌నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. మన పెద్దవాళ్ళలో ఇది చాలా మామూలు. నేను ఫోన్ చేసి, వీసాలో ఉన్నట్టే రాయించాను. విమానం ఖతార్‌ది అయినా టికెట్ ఇచ్చింది అమెరికన్ కాబట్టి, పేరులో తేడా ఉంటే సరిచేయాల్సింది కూడా అమెరికనే. దోహాలో నిలబడి అడిగితే పని కాదు. ఖతార్ సైట్‌లో వేరే బుకింగ్ నంబరు ఉంటుంది, అడిగి తీసుకోండి. భోజనం, సీటు ఆ నంబరుతోనే చూసుకోవాలి.

ఇంకొకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన గ్రూపుల్లో "బిజినెస్ క్లాస్ సగం ధరకే, డీఎం చేయండి" అని పెడుతుంటారు. వాళ్ళు చేసేది ఎవరివో మైళ్ళు కొని, మన పేరు మీద టికెట్ తీయడం. మైళ్ళు అమ్ముకోవడం ఎయిర్‌లైన్ నియమాలకి విరుద్ధం. పట్టుకుంటే ఖాతా మూసేస్తారు, టికెట్ రద్దు చేస్తారు. అది తెలిసేది చెక్-ఇన్ కౌంటర్ దగ్గర, రెండు పెట్టెలూ ఆవకాయ జాడీలూ తూకానికి పెట్టాక. అరవై, డెబ్భై దాటిన మనుషుల్ని ఆ పరిస్థితిలోకి తోసే ధైర్యం నాకు లేదు.

వచ్చాక వాళ్ళు చెప్పిన కబుర్లు మాత్రం నాకు పైసా వసూల్. దోహాలో వీల్‌చైర్ తోసిన అబ్బాయి నేపాలీ, నాన్న తనకి వచ్చిన హిందీలో అతని ఊరూ పేరూ అన్నీ అడిగేశాడు. వీల్‌చైర్ కాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళకే అనుకుంటారు గానీ, మనవాళ్ళలో సగం మంది పెట్టించుకునేది గేటు తప్పిపోకుండా ఒక మనిషి తోడు ఉంటాడనే. ఆ పెద్ద పసుపు పచ్చ టెడ్డీబేర్ బొమ్మ దగ్గర అమ్మ ఫోటో దిగింది. "ఎలుగుబంటి తలకాయలో లైటు గుచ్చినారు, ఎందుకే?" అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. విమానంలో సీటుకి తలుపు ఉండటం నాన్నకి భలే నచ్చింది. "రూము ఇచ్చినారు. అడిగినప్పుడల్లా పెడతా ఉండారు" అని మా చిన్నాన్నకి ఫోన్‌లో చెబుతుంటే విన్నాను. అమ్మ తెచ్చుకున్న పులిహోర పొట్లం మాత్రం విప్పలేదంట, అందుకు అమ్మకి నాన్న మీద ఇంకా కోపంగానే ఉంది. దిగాక అమ్మ ఇమిగ్రేషన్ లైనులో నిలబడింది, బయటికి తన చెప్పులతోనే నడిచి వచ్చింది.

తిరుగు ప్రయాణానికి ఈసారి మైళ్ళు కొనే ఉద్దేశం లేదు. కార్డు మీద చేజ్ బ్యాంకు పాయింట్లు కొన్ని ఉన్నాయి. వాటిని బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి పంపి, అక్కడి నుంచి ఖతార్ ఖాతాలోకి అవియోస్‌గా జరుపుకోవచ్చు. 2022లో ఖతార్ కూడా అవియోస్‌లోకి వచ్చినప్పటి నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఒకసారి పంపితే బ్యాంకుకి తిరిగి రావు కాబట్టి సీటు కనబడేదాకా కదపను. అక్టోబరు మొదటి రెండు వారాల్లో ఇప్పటికి ఒక్కో సీటే చూపిస్తోంది. నాన్న మళ్ళీ పాత పాటే, "నన్ను వెనక వేసెయ్" అని. అమ్మ ఈసారి కాదనలేదు, పులిహోర కోపం ఇంకా తగ్గలేదేమో. సెప్టెంబరు పదిహేను దాకా అలర్ట్ ఉంచుతాను, అప్పటికీ రెండో సీటు రాకపోతే ఇద్దరికీ ముందు వరస ఎకానమీ తీసేస్తాను.