జలుబు పోయింది, మణికట్టు పట్టుకుంది

జ్వరం, దగ్గు తగ్గి మళ్లీ పనిలో పడ్డాక ఒక పొద్దున కుడి మణికట్టు వంగనని మొరాయించింది. ఒట్టి నొప్పే అయితే పట్టించుకునేదాన్ని కాదు, వైరల్ జ్వరం వచ్చి వెళ్లాక ఒళ్లునొప్పులు మామూలేగా. కానీ ఎముక గుబ్బ కనపడనంతగా ఉబ్బింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలిసిపోతోంది. నాలుగు రోజులు తిరక్కుండానే ఎడమ మోకాలూ తోడైంది.

కీళ్లవాపులు చూసే డాక్టరు (రుమటాలజిస్టు) వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూస్తూ, "పొద్దున లేచాక బిగుతు ఎంతసేపు ఉంటోందమ్మా?" అని అడిగారు. గంట దాటుతోందన్నాను. కదిలిస్తుంటే సడలుతోందా, పెరుగుతోందా? సడలుతోంది. అరుగుదల నొప్పి అయితే వాడేకొద్దీ పెరుగుతుందట. ఈమధ్య జ్వరంగానీ జలుబుగానీ వచ్చిందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

వైరస్ మీదికి లేచిన రోగనిరోధక శక్తి, పని అయిపోయినా చల్లబడక కీలు లోపలి పొరలో వాపు రేపుతుందట. కోవిడ్ తర్వాత కొందరిలో ఇలా జరిగింది, సాధారణంగా 1 నుంచి 4 వారాల్లోపు. పార్వోవైరస్ బీ19 అనే మరో వైరస్ కూడా దగ్గు, తుమ్ము తుంపరలతోనే అంటుకుంటుంది. పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అది తరచూ కీళ్ల మీద పడుతుంది.

రిపోర్టులు ఫోన్‌కి వచ్చాయి. ఒంట్లో వాపు ఉందని చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఎక్కువున్నాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (దీర్ఘకాలిక కీళ్లవాతం) కోసం చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ పక్కన 'పాజిటివ్' అని చూసేసరికి గుండె జారిపోయింది, ఇక జీవితాంతం మాత్రలే అనుకున్నాను. (రిపోర్టులు డాక్టరు కంటే ముందు మన చేతికెందుకు ఇస్తారో!) వైరల్ ఇన్‌ఫెక్షన్ తర్వాత అది కొన్నాళ్లు స్వల్పంగా పెరగొచ్చని, ఆ జబ్బుకే చూసే మరో పరీక్ష, యాంటీ సీసీపీ, నెగటివ్ కాబట్టి తొందరపడి ఆ పేరు పెట్టొద్దని డాక్టరమ్మ అన్నారు. మోకాలి నీరు సూదితో తీసి పరీక్షకు పంపారు, బ్యాక్టీరియా లేదని తేల్చుకోవడానికి. ఒకే కీలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, జ్వరం కూడా ఉంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. చీము పట్టిన కీలు త్వరగా పాడైపోతుంది.

నాకు యాంటీబయాటిక్ ఇవ్వలేదు. తిన్నాక వేసుకోమని నొప్పి, వాపు తగ్గించే నాప్రాక్సెన్ రాశారు, అదీ అల్సర్ లేదని, కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే. చాలామందికి వారాల్లోనో, కొన్ని నెలల్లోనో తగ్గిపోతుంది. 6 వారాలు దాటినా వాపు ఉంటే మళ్లీ మొదటినుంచీ కారణం వెతకాలన్నారు.

మోకాలి వాపు తగ్గిపోయింది. మణికట్టుకి పొద్దుటి బిగుతు ఇంకా ఉంది, మొహం కడుక్కునేలోపు వదిలేస్తోంది. ఆర్ఏ ఫ్యాక్టర్ మళ్లీ చేయించాలి. ఈసారి ఆ రిపోర్టు ఆవిడే ముందు తెరుస్తారు.