గ్లాడియోలస్ దుంపలు, కాస్త ఓపిక

ఎండాకాలం పూలంటే నాకు గ్లాడియోలస్సే, చాకిరీ తక్కువ, కానీ ఆ కాస్తా టైమ్‌కి చెయ్యాలి. దుంపని 10–15 సెంటీమీటర్ల లోతులో మొలక పైకి ఉండేలా పెట్టండి, పైపైన పెడితే పూలకాడ బరువుకి మొక్క వాలిపోతుంది, ఇక కర్రలు కట్టుకుంటూ కూర్చోవాలి. ఎండ బాగా తగలాలి, నీళ్లు నిలిస్తే మాత్రం కుళ్లడమే. నేనైతే అన్నీ ఒకేసారి నాటను, రెండేసి వారాల గ్యాప్ ఇస్తా, లేదంటే అన్నీ కలిసి పూసి కలిసే అయిపోతాయి. రకాన్ని బట్టి 70–90 రోజుల్లో పూత వస్తుంది.

వాజ్‌లోకి కావాలంటే కింది ఒకటి రెండు మొగ్గలు రంగు చూపించగానే కోసేయొచ్చు, మిగతావి నీళ్లలో విచ్చుకుంటాయి. కానీ కనీసం నాలుగు ఆకులు మొక్కకి వదలండి బాబూ, చాలామంది ఇక్కడే కక్కుర్తి పడతారు! పాత దుంప ఎండిపోయి దాని మీద కొత్త దుంప ఊరేది ఆ ఆకుల బలంతోనే మరి. ఆకుల మీద వెండిరంగు చారలు కనిపిస్తే తామర పురుగులన్నమాట, వేపనూనె కొట్టండి.

ఆకులు పసుపెక్కాక తవ్వి, నీడలో ఆరబెట్టి, గాలాడే సంచిలో దాచుకోవడమే, ప్లాస్టిక్ కవర్ వద్దు. చుట్టూ ఉండే పిల్లదుంపలు కూడా ఉంచుకోండి, ఒకట్రెండేళ్లు ఆగితే అవీ పూస్తాయి.